తూము నుంచి తిరుగు దారి

హోగ్వీర్డ,
9 సెప్టెంబర్ 1956.

తమ్ముడు ఎప్పోకి,

ఇక్కడ అందరం బాగున్నాం. బార్లీ కోతలు అయిపోయాయి. మా ఆయన రూలఫ్ నడుం నొప్పి అంటూనే బస్తాలు మోస్తున్నాడు. నాన్న ఎప్పటిలాగే ఆరింటికి షాపు తలుపు తీస్తాడు, మధ్యాహ్నం భోజనం దాకా ఎవరితోనూ మాట్లాడడు.

రాయడానికి కారణం వేరే ఉంది. మా ఆన్యె ఈ నెల నుంచి పట్నం బడికి వెళ్తోంది. కట్ట మీదుగా, తూము దాటి, తొమ్మిది కిలోమీటర్లు. నాన్న రెండేళ్ళ కిందట దానికోసమే చేసి అటక మీద వేలాడదీసిన సైకిలు దించి ఇచ్చాడు. పన్నెండేళ్ళ పిల్లకి ఇంకా కాళ్ళు అందవు కదా, పెడళ్ళకి చెక్కదిమ్మలు బిగించాడు.

మొన్న శుక్రవారం బడి నుంచి వచ్చి, కోటు విప్పకుండానే అంది, "అమ్మా, కట్ట దిగేటప్పుడు ముందు చక్రం వణుకుతోంది."

"ఎలా వణుకుతోంది?"

"కుక్క నీళ్ళు దులుపుకున్నట్టు."

పొద్దున వెళ్ళేటప్పుడు ఏమీ లేదట. వచ్చేటప్పుడే, గాలి వెనక ఉన్నప్పుడే. నాన్నని అడుగుదామని షాపు గుమ్మం దాకా వెళ్ళి తిరిగి వచ్చాను. మీ సైకిలు బాగాలేదని ఆయన ముఖం మీద చెప్పిన మనిషి ఈ ఊళ్ళో ఇంతవరకు లేడు. నువ్వు డెల్ఫ్ట్‌లో పిల్లలకి చెప్పే పాఠాలు ఇవే కదా, అందుకని నిన్ను అడుగుతున్నాను.

నేను ఊరికే భయపడే మనిషిని కాను. కానీ తూము దగ్గర బేకరీ కోర్నెలిస్ పెద్దకూతురు ట్రీన్‌చె పడింది ఆ దిగుడులోనే. ముందు బుట్టలో రొట్టెలు, వెనక గాలి. దిగుడు చివర వంతెన ఇనపకడ్డీకి కొట్టుకుంది. పదిహేడేళ్ళ పిల్ల. గాలి విసిరేసిందని అందరం అన్నాం. ఈ అక్టోబరుకి రెండేళ్ళవుతుంది. ఆన్యె రోజూ ఆ కడ్డీ పక్క నుంచే వస్తుంది.

నీ అక్క,
గీస్కె

---

డెల్ఫ్ట్,
11 సెప్టెంబర్.

అక్కా,

ఇందులో భయపడటానికి ఏమీ లేదు. కొత్త సైకిలు కొన్నాళ్ళు అలాగే ఉంటుంది. పుస్తకాల సంచీ ముందు క్యారియర్‌లో పెడుతోందా? వెనక్కి మార్చమను. ముందు బరువు ఉంటే హ్యాండిల్ ఊగుతుంది.

ఇంకొకటి. హ్యాండిల్ కింద బేరింగు గోళీల కప్పు ఉంటుంది, దాని మీది నట్టు మరీ బిగుసుకుని ఉందేమో. అలా ఉంటే చక్రం తనంతట తాను సర్దుకోలేదు. రూలఫ్‌ని పావు చుట్టు వదులు చెయ్యమను. నాన్నతో చెప్పనవసరం లేదు, నొచ్చుకుంటాడు.

నాకు పరీక్ష పేపర్ల పని ఉంది. ఆన్యెకి ముద్దులు.

ఎప్పో

---

హోగ్వీర్డ,
30 సెప్టెంబర్.

ఎప్పో,

నీ ఉత్తరం రెండు రోజుల్లో వచ్చింది. మామూలుగా నీ దగ్గర నుంచి జవాబు రావడానికి మూడు వారాలు పడుతుంది. రూలఫ్ కూడా అన్నాడు, "వీడికేమైంది, కాగితాలు చవగ్గా దొరికాయా?" అని.

నువ్వు చెప్పినట్టే చేశాం. నట్టు నిజంగానే చాలా బిగుసుకుని ఉంది. రూలఫ్ రెంచీ మీద పడుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు హ్యాండిల్ వేలితో తోస్తే తిరుగుతుంది. సంచీ వెనక్కి మార్చాం.

వణుకు పోలేదు. పెరిగిందని ఆన్యె అంటోంది. దానికి భయం లేదు, నాకే. నాలుగింటికి పని వదిలేసి దిగుడు కింద నిలబడుతున్నాను. "అమ్మా, నువ్విక్కడ నిలబడితే నాకు సిగ్గేస్తోంది, అందరూ చూస్తున్నారు" అంది. సరే అని వంతెన అవతల, పొగాకు కొట్టు గోడ వెనక నిలబడుతున్నాను. అక్కడి నుంచి కట్ట పైన ముందు దాని టోపీ కనబడుతుంది, తర్వాత హ్యాండిల్. హ్యాండిల్ కనబడగానే గోడని పట్టుకుంటాను.

నన్ను చిన్నపిల్లని సముదాయించినట్టు సముదాయించకు. సైకిలు ఎందుకు నిలబడుతుందో చెప్పు. అది తెలిస్తే ఎందుకు పడుతుందో నేనే తెలుసుకుంటాను.

గీస్కె

---

డెల్ఫ్ట్,
6 అక్టోబర్.

అక్కా,

సరే. సైకిలు నిలబడదు. ఎప్పుడూ పడుతూనే ఉంటుంది. ఎడమకి ఒరుగుతుంది, ముందు చక్రం ఎడమకి తిరుగుతుంది, పడబోయే బరువు కిందకి చక్రం వచ్చి నిలబెడుతుంది. వెంటనే కుడికి ఒరుగుతుంది. ఇది నిమిషానికి ఎన్నిసార్లు జరుగుతుందో తొక్కేవాడికి తెలియదు. తిరిగే చక్రానికి ఉండే ఊపు కొంత సాయం చేస్తుంది, కొంతే.

చక్రం ఎటు తిరగాలో దానికి ఎవరు చెబుతారు? ఎక్కువ భాగం ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే గొట్టాల వంపు చెబుతుంది. టీ బండి కింద చిన్న చక్రాలు చూడు. బండిని ఎటు తోసినా అవి వెనక పడి నడుస్తాయి. సైకిలు ముందు చక్రం కూడా అంతే. హ్యాండిల్ గొట్టం వాలులోనే ఒక గీత నేల దాకా పొడిగిస్తే, ఆ గీత నేలని తాకిన చోటుకి కొంచెం వెనక టైరు నేలని తాకాలి. ఆ ఎడం ఉంటే చక్రం తనంతట తాను తిన్నగా వస్తుంది. ఫోర్కుని ముందుకి ఎక్కువ వంచితే ఆ ఎడం తగ్గుతుంది. హ్యాండిల్ తేలికవుతుంది, కానీ చక్రానికి దారి చెప్పేది ఉండదు. నెమ్మదిగా వెళ్తే తెలియదు. వేగంలో తెలుస్తుంది.

గాలి సంగతి. ఎదురుగాలి మనిషిని వెనక్కి తోస్తుంది. దాని వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. అందుకే మన కట్ట మీద ఎదురుగాలిలో ఎవరూ వేగంగా పోలేరు. వెనకగాలిలో ఆ తోపు ఉండదు, పెడలు వెనక్కి తొక్కి బ్రేకు వేస్తే తప్ప ఆపేది లేదు.

ఒక పని చెయ్యి. తిన్నని బద్ద ఒకటి తీసుకో. సైకిలు తిన్నగా నిలబెట్టి, హ్యాండిల్ గొట్టం పక్కన దాని వాలులోనే ఆనించి నేల దాకా పట్టుకో. బద్ద నేలని తాకిన చోటుకీ, టైరు నేలని తాకిన చోటుకీ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయో రాయి. నీ సైకిలుకి కూడా చూడు.

ఎప్పో

---

హోగ్వీర్డ,
15 అక్టోబర్.

ఎప్పో,

నా సైకిలుకి నాలుగు వేళ్ళు. ఆన్యె సైకిలుకి ఒకటిన్నర.

ఒక్కదానితో ఏం తెలుస్తుందని నిన్న చర్చిలో చూశాను. నవ్వకు. అందరి సైకిళ్ళూ చర్చి గోడకి ఆనించి ఉంటాయి కదా. నాన్న చేసినవాటికి ముందు గొట్టం మీద ఇత్తడి బిళ్ళ, దాని మీద యుద్ధం అయ్యాక వెయ్యడం మొదలుపెట్టిన నంబరు. పాస్టరు ప్రసంగం మొదలయ్యాక అందరూ పిప్పరమెంటు నోట్లో వేసుకున్నారు. రెండో పిప్పరమెంటు దాకా ఆగి, దగ్గు తెచ్చుకుని బయటకి వచ్చాను. బద్ద ముందే గోరీల వెనక దాచాను. లోపల పాట పాడుతుంటే నేను సైకిలు తర్వాత సైకిలు ముందు మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళు పెట్టాను. దేవుడు చూసి ఉంటే ఏమనుకున్నాడో.

అరవై నంబరు దాకా అన్నీ నాలుగు వేళ్ళు. అరవై ఒకటి, అరవై మూడు, అరవై ఆరు, అరవై ఎనిమిది, ఇవి ఒకటిన్నర. ఆన్యెది అరవై తొమ్మిది. డెబ్బై నుంచి మళ్ళీ నాలుగు వేళ్ళు.

నాన్న ఎందుకు మార్చాడు, మళ్ళీ ఎందుకు వెనక్కి వచ్చాడు?

అరవై మూడు ఎవరిదో చెప్పనా? ట్రీన్‌చెది. కోర్నెలిస్ ముందు చక్రం మార్పించాడంతే, బండి అదే. ఇప్పుడు చిన్నకూతురు వీమ్కె దాని మీద ఇంటింటికీ రొట్టెలు వేస్తోంది.

నాలుగు మంచిదా, ఒకటిన్నర మంచిదా? ఎడం తగ్గితే హ్యాండిల్ తేలికవుతుందనీ అన్నావు, దారి చెప్పేది ఉండదనీ అన్నావు; కొత్త రకమేమో, నాకు తెలియదు. వెంటనే ఒక కార్డు ముక్క రాయి. మంచిది కాదంటే ఆన్యెని రేపే ఆపేస్తాను.

గీస్కె

---

హోగ్వీర్డ,
26 అక్టోబర్.

ఎప్పో,

పదకొండు రోజులు చూశాను. కార్డు రాలేదు.

బుధవారం ఆన్యె పడింది. భుజం ఎముక విరిగింది, ముందు పళ్ళు రెండు పోయాయి. ఇనపకడ్డీకి తగల్లేదు, బురదలో పడింది. నేను గోడ వెనక నుంచి చూస్తూనే ఉన్నాను. హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకోవడం కనబడింది, తర్వాత పిల్ల కనబడలేదు. ఆ వంతెన మీద ఎలా పరుగెత్తానో నాకు గుర్తు లేదు. ఒక చెప్పు ఇంకా దొరకలేదు.

రూలఫ్ సైకిలు తెచ్చి షాపు ముందు పడేశాడు. నాన్న బయటకి వచ్చాడు. ఆన్యె ఎలా ఉందని అడగలేదు. వంగి, హ్యాండిల్ కింద వేలు పెట్టి చూసి, "ఈ నట్టు ఎవరు వదులు చేశారు?" అన్నాడు.

"నేనే. ఎప్పో చెయ్యమన్నాడు" అన్నాడు రూలఫ్.

"వాడా?" అన్నాడు నాన్న. అక్కడే కూర్చుండిపోయాడు, తడి నేల మీద.

నట్టు బిగించింది ఆయనేనట, కావాలని. బిగిస్తే వణుకు తగ్గుతుందని ఆయన కనిపెట్టాడు. తను చేసిన తొమ్మిదింటికీ, ఏదో ఒక సాకు మీద షాపుకి తెప్పించి బిగించాడు. అది చాలు అని తనకి తాను చెప్పుకున్నాడట. "చాలు అనుకుని సొంత మనవరాలిని ఎక్కించావా?" అని అడిగాను. లోపలికి వెళ్ళి, సొరుగు అడుగు నుంచి ఒక కాగితం తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టాడు.

ఫోర్కు బొమ్మ. పక్కన అంకెలు. ఆ ఏడు అంకెకి అడ్డగీత పెట్టేది మన ఇంట్లో నువ్వొక్కడివే.

గీస్కె

---

డెల్ఫ్ట్,
28 అక్టోబర్.

అక్కా,

బొమ్మ నాదే.

54 ఈస్టర్‌కి వచ్చినప్పుడు గీశాను. డెల్ఫ్ట్‌లో అప్పటికి ఒక ఏడాది చదివాను. ఎదురుగాలిలో ముసలివాళ్ళకి హ్యాండిల్ బరువుగా ఉందని నాన్న అంటే, ఫోర్కు మూడు సెంటీమీటర్లు ముందుకి వంచితే తేలికవుతుందని నేనన్నాను. "నలభై ఏళ్ళుగా ఈ అచ్చుదిమ్మ మీదే వంచుతున్నానురా" అన్నాడు. "నలభై ఏళ్ళుగా కళ్ళతో కొలుస్తున్నారు, నేను లెక్కతో కొలిచాను" అన్నాను. ఆయన నవ్వి కొత్త దిమ్మ చెక్కాడు. కొడుకు చదువుకున్నాడని ఆ వారం షాపుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు.

పరీక్షించాం. నువ్వు అదే అడుగుతావు. షాపు నుంచి తూము దాకా, ఇద్దరం రెండు కొత్త సైకిళ్ళ మీద, పడమటి గాలికి ఎదురుగా. నడిచే వేగం కన్నా కొంచెం ఎక్కువ. హ్యాండిల్ వెన్నలా తిరిగింది. తూము దగ్గర కోర్నెలిస్ బేకరీలో కాఫీ తాగాం. ఆ సైకిలు చూసి ట్రీన్‌చె తనకీ అలాంటిదే కావాలంది. వాన పట్టింది. అప్పుడే రూలఫ్ గుర్రపుబండి వచ్చింది. సైకిళ్ళు బండిలో వేసుకుని, గోనెపట్టా కప్పుకుని ఇంటికి వచ్చాం.

తిరుగు దారిలో తొక్కలేదు. వెనకగాలితో, దిగుడులో, ముందు బరువుతో ఒక్కసారి కూడా తొక్కలేదు. మన ఊళ్ళో అందరికీ పోయేటప్పుడే కష్టం, వచ్చేటప్పుడు గాలే తెస్తుంది. కష్టంగా ఉన్న దారినే చూశాం.

ట్రీన్‌చె అంత్యక్రియలకి వచ్చినప్పుడు ఆ సైకిలు బేకరీ గోడకి ఆనించి ఉంది. నేను అటు నుంచి వెళ్ళకుండా చుట్టు తిరిగి వెళ్ళాను. నీ మొదటి ఉత్తరం చూడగానే నాకు తెలిసింది. బిగువు నట్టు అని చేతికి వచ్చింది రాసేశాను. అదొక్కటే ఆన్యెని కాపాడుతోందని నాకు తెలియదు. నీ కొలతలు వచ్చాక నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగూ నా పెట్టెలో ఉన్నాయి.

ఆన్యె ఎలా ఉందో రాయి. ఏమీ రాయాలనిపించకపోతే ఆ ఒక్కటి రాయి.

ఎప్పో

---

హోగ్వీర్డ,
5 నవంబర్.

ఎప్పో,

ఆన్యె గంజి తాగుతోంది. పళ్ళ సందులోంచి ఈల వెయ్యడం నేర్చుకుంది. రాత్రి నిద్రలో చేతులు బిగిస్తుంది. నేను ఒక్కో వేలూ విప్పుతాను.

నాన్న పాత అచ్చుదిమ్మ మీద తొమ్మిది ఫోర్కులు వంచాడు. ఇల్లిల్లూ తిరిగి, "ఇనుములో లోపం ఉంది, ఊరికే మారుస్తాను" అని సైకిళ్ళు తెచ్చుకుంటున్నాడు. "ముసలాయనకి దానధర్మాల పిచ్చి పట్టింది" అంటున్నారు జనం. ఎనిమిది అయ్యాయి. కొత్త దిమ్మని పొయ్యిలో పెట్టాడు.

తొమ్మిదోది అరవై మూడు. బేకరీకి మాత్రం వెళ్ళలేకపోతున్నాడు. ఇనుములో లోపం అని కోర్నెలిస్‌తో ఎలా అంటాడు? రెండుసార్లు వంతెన దాకా వెళ్ళి వచ్చాడు. నేను బేకరీ దాకా వెళ్ళాను. "ఏం కావాలి గీస్కె?" అంటే "నల్ల రొట్టె" అన్నాను. ఇంట్లో ఇప్పుడు మూడు నల్ల రొట్టెలు ఉన్నాయి.

వీమ్కెకి పదహారేళ్ళు. నేను చెయ్యగలిగింది ఒక్కటే చేశాను. బేకరీ పెరటి గోడ దగ్గర ఆ సైకిలు ముందు టైరు వాల్వు పీకి జేబులో వేసుకున్నాను. కోర్నెలిస్ కొత్తది వేశాడు. అదీ పీకాను. మూడోసారి దొరికిపోతాను.

నాన్న నిన్న అన్నాడు, "గీత వాడిది, కొలిమి నాది. నేను వెళ్ళి చెబుతా." వెళ్తే నీ పేరు ఎత్తడు, అంతా నెత్తిన వేసుకుంటాడు. నాకు అది వద్దు. శనివారం లోపల రా.

గీస్కె

---

డెల్ఫ్ట్,
7 నవంబర్.

అక్కా,

శనివారం వస్తున్నాను. ముందు తూము దగ్గరే బస్సు దిగుతాను. ఎవరూ రావద్దు.

నాకు భయంగా ఉంది.

ఎప్పో

---

డెల్ఫ్ట్,
18 నవంబర్.

అక్కా,

శనివారం నేను చాలా విషయాలు చెప్పలేదు. నువ్వు అడగలేదు. రాస్తాను.

నేను వెళ్ళేసరికి కోర్నెలిస్ పిండిబల్ల గీకుతున్నాడు. నన్ను చూసి, "మీ అక్కకి వాల్వులు ఎందుకురా? అమ్ముకుంటుందా?" అన్నాడు.

"మీకు తెలుసా?"

"రెండోసారి కిటికీలోంచి చూశాను. బాధలో ఉంది కదా, పోనీలే అనుకున్నాను."

చెప్పాను. బొమ్మ, ఈస్టర్, గుర్రపుబండి, అన్నీ. ఆయన గీకడం ఆపలేదు. బల్ల శుభ్రమయ్యాక కూడా గీకుతూనే ఉన్నాడు. తర్వాత పొయ్యిలోకి రొట్టెలు తోసే పొడుగు కర్ర తీసుకుని పెరట్లోకి నడిచాడు. ఎక్కడ ఆనించాలో నేను చూపించాను. నన్ను వేళ్ళు పెట్టనివ్వలేదు, తనే పెట్టాడు. ఆయన వేళ్ళు లావు. ఒకటే పట్టింది.

అలా కూర్చునే అన్నాడు, "చక్రం వణుకుతోందని ట్రీన్‌చె నాకు చెప్పింది. పడడానికి వారం ముందు. గట్టిగా పట్టుకోవే అన్నాను." టైరు మీద చెయ్యి వేసి, "గట్టిగా పట్టుకుంటే ఆగుతుందా?" అన్నాడు.

అబద్ధం చెబుదామనుకున్నాను అక్కా. నోటి దాకా వచ్చింది.

"ఆగదు. చేతులు బిగించేకొద్దీ ఎక్కువవుతుంది. మోకాళ్ళతో అడ్డగొట్టాన్ని నొక్కి పట్టుకోవాలి. అమ్మాయిల సైకిలుకి ఆ గొట్టం పైన ఉండదు, కింది గొట్టాన్నే నొక్కాలి."

"ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు."

"ఇక్కడ ఎవరికీ తెలియదు."

"నీకు తెలుసుగా" అన్నాడు. అరవలేదు.

వీమ్కెని పిలిచి బుట్ట నింపమన్నాడు. పద్నాలుగు రొట్టెలు, ఆ రోజు ట్రీన్‌చె వేసుకుని వెళ్ళినన్ని. లెక్క ఆయనకి గుర్తుంది. కొత్త వాల్వు వేసి, గాలి కొట్టి, సైకిలు నా చేతికిచ్చాడు.

"మీ నాన్నకి ఇవ్వు. మార్చమను. నడిపించుకుని పోకు, తొక్కు. వెనకగాలితో తొక్కలేదన్నావుగా."

"వద్దండీ, వాడికి భార్యాపిల్లలు కూడా లేరు ఇంకా" అంది ఆయన భార్య, లోపలి నుంచి.

"మోకాళ్ళ సంగతి వాడికి తెలుసు" అన్నాడు కోర్నెలిస్.

కట్ట మీద మొదట బాగానే ఉంది. నేను నీకు రాయనిది ఒకటి ఉంది. నాకప్పుడు తెలియదు. ఎదురుగాలిలో చెవుల్లో హోరు ఉంటుంది, ఆ హోరుని బట్టి ఎంత వేగంగా పోతున్నామో తెలుస్తుంది. వెనకగాలిలో ఏ చప్పుడూ ఉండదు. కోటు కదలదు. గదిలో కూర్చున్నట్టు ఉంటుంది. గడ్డి మాత్రం పక్కల నుంచి పరుగెడుతుంది. దిగుడు మొదలయ్యేదాకా నేను నెమ్మదిగా పోతున్నానే అనుకున్నాను.

పొగాకు కొట్టు కప్పు కనబడగానే మొదలైంది. ముందు అరచేతుల్లో, తర్వాత మోచేతుల్లో, తర్వాత పళ్ళలో. బుట్ట అటూ ఇటూ కొట్టుకుంది. ఏడాదిగా ఈ బలాలన్నిటికీ బోర్డు మీద బాణాలు గీస్తున్నాను. ఒక్కటి గుర్తు రాలేదు. నా చేతులు నన్ను అడగకుండానే బిగుసుకున్నాయి. నేను ఆయనకి చెప్పి పావుగంట కాలేదు, అయినా బిగుసుకున్నాయి. నాకు కనిపించింది ఇనపకడ్డీ ఒక్కటే. అరిచాను. ఏమని అరిచానో తెలియదు. మోకాళ్ళు గుర్తొచ్చేసరికి దిగుడు సగం అయిపోయింది. నొక్కాను. వణుకు ఆగింది. పెడలు వెనక్కి తొక్కాను. కడ్డీకి ఒక బారెడు దూరంలో ఆగాను.

ఎవరూ చెప్పని పిల్లకి మోకాళ్ళు ఎలా తోస్తాయి?

వేళ్ళు హ్యాండిల్ మీద నుంచి విడిపించుకోవడానికి చాలాసేపు పట్టింది. బురదలోంచి రొట్టెలు ఏరాను. పదకొండు దొరికాయి. వెనక్కి తిరిగి చూస్తే కట్ట మీద కోర్నెలిస్ నిలబడి ఉన్నాడు. నా వెనకే నడిచి వచ్చినట్టున్నాడు. చెయ్యి ఊపలేదు. నేను ఆగే దాకా చూసి, తిరిగి వెళ్ళిపోయాడు.

అక్కడి నుంచి నడిపించుకుంటూ వచ్చాను. నువ్వు వాకిట్లో ఉన్నావు. "ఎందుకు నడిపించుకొస్తున్నావు?" అన్నావు. ముందు టైరు పంక్చరైంది అన్నాను.

నువ్వు వంగి ఆ టైరుని బొటనవేలితో నొక్కి చూశావు. అది నిండా గాలితో రాయిలా గట్టిగా ఉంది. కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళావు.

ఎప్పో